మన పండుగ, మన ఇరుగుపొరుగు

(మీనా సల్మాన్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం ఇక్కడ అచ్చు వేస్తున్నాం.)

 

కోశాధికారిగారు ఇప్పుడే జమాఖర్చులు చదివారు. ఉగాదికి ఎంత వసూలైంది, హాలుకెంత, భోజనాలకెంత, అతిథుల విమాన టిక్కెట్లకెంత, అన్నీ విన్నారు. ఆ కాగితం మీదికి ఎక్కని బాకీలు రెండు ఉన్నాయి. ఇవాళ మేము మాట్లాడదలచుకున్నది ఆ రెండు బాకీల గురించే.

మొదటిది. మొన్నటి విశ్వావసు ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. ఇక్కడ ఈద్ కూడా ఆ రోజే. సాయంత్రం ఆరింటికల్లా హాలు ముందు వీధి, పక్క సందు అన్నీ మన కార్లతో నిండిపోయాయి. ఆ సందులో చాలా ఏళ్ళుగా ఉంటున్న బహ్రెయినీ కుటుంబం ఒకటి మనకందరికీ తెలుసు. ఆ పెద్దాయనను మనం హాజీగారనే పిలుస్తాం. ఈద్ నాడు ఆయన ఇంటికి కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు వస్తారు. వచ్చినవాళ్ళకు బండి ఆపుకోవడానికి చోటు లేదు. ఆయన మన గేటు దాకా నడిచి వచ్చారు. గొడవకే వస్తున్నారనుకుని మనవాళ్ళు ఇద్దరు ఎదురెళ్ళారు. ఆయన లోపల వేలాడుతున్న మామిడి తోరణాలను కాసేపు చూసి, వచ్చిన హిందీలోనే అడిగారు: “ఇవాళ మీకూ పండుగేనా? ముందే చెప్పి ఉంటే కాఫీ, ఖర్జూరాలు పంపేవాళ్ళం కదా!”

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కార్లు తీయించాం, క్షమించమన్నాం. ఆయన వెళ్ళిపోయాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. మన పచ్చడిలో వేపపువ్వు ఎక్కడిది? ఆ ఇంటి ప్రహరీ లోపలి చెట్టుదే. ఏటా మన పిల్లలు వెళ్ళి అడిగితే ఆ ఇంటివాళ్ళే కొమ్మ వంచి కోసిస్తారు. ఇన్నేళ్ళుగా పువ్వు తెచ్చుకున్నాం. ఒక్క ఏడైనా పచ్చడి గిన్నె ఆ గడప దాకా తీసుకెళ్ళలేదు. మన ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళు ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపడమే తప్పు. మనం అసలు గిన్నే పంపలేదు.

రెండో బాకీ మనవాళ్ళకే పడ్డాం. ఆ సాయంత్రమే, వెనక షెడ్లలో పనిచేసే నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. ఒకరిది ఆర్మూరు దగ్గర పల్లె, ఇద్దరిది జగిత్యాల వైపు, ఒకరిది శ్రీకాకుళం జిల్లా భావనపాడు. స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. గేటు దగ్గర పాసులు అడిగాం. మనిషికి మూడు దినార్లు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “పర్లేదు సార్, ఇక్కడే గోడ పక్కన నిలబడి పాటలు వింటాం” అన్నారు. విన్నారు కూడా. రాత్రి పదిన్నరకు భోజనాలు మిగిలితే పొట్లాలు కట్టి ఇచ్చాం. మిగిలినవి ఇచ్చాం, పండుగ భోజనం పెట్టలేదు. రెంటికీ తేడా మీ అందరికీ తెలుసు.

మన పండుగ పేరు “తెలుగు వారసత్వ సంబరం”. ప్రవాసంలో ఉన్న మనకోసం, మన పిల్లలకోసం చేసుకుంటున్నాం. తప్పేమీ లేదు. కానీ ఈ నేల మీద ఉండేవాళ్ళు, ఈ వీధిలో బతికేవాళ్ళు గేటు బయట, విమానంలో వచ్చినవాళ్ళు వేదిక మీద ఉంటే ఆ సంబరం ఎవరిదో ఒకసారి ఆలోచించాలి.

ఇది మన ఒక్కరికే వచ్చిన చిక్కు కాదు. 2009లో స్కాట్లాండ్ ప్రభుత్వం, కవి రాబర్ట్ బర్న్స్ 250వ జయంతి సందర్భంగా “హోమ్‌కమింగ్” అనే పేరుతో సంవత్సరమంతా ఉత్సవాలు పెట్టింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడిన స్కాటిష్ సంతతివాళ్ళను పుట్టింటికి రమ్మని పిలిచింది. ఆ జూలైలో ఎడిన్‌బరోలో రెండు రోజుల పెద్ద జాతర జరిగింది. వంశానికొక గుడారం, పాతకోట వీధిలో వంశాలవారీ ఊరేగింపు. దాదాపు 47 వేల మంది వచ్చారు. చూడటానికి కన్నుల పండుగే. తర్వాత లెక్కలు తేలేసరికి నిర్వహించిన కంపెనీ నష్టాలతో మూతపడింది. సామాన్లు, సేవలు అందించిన చిన్న వ్యాపారులు ఎందరో బాకీలు రాక లబోదిబోమన్నారు. దూరపు చుట్టాల కోసం చేసిన పండుగ ఖర్చు దగ్గరివాళ్ళ నెత్తిన పడింది.

నాలుగేళ్ళ తర్వాత, 2013లో ఐర్లాండ్ దాదాపు అదే పని ఇంకో దారిలో చేసింది. ఒక్క మహానగరంలో ఒక్క మహాసభ పెట్టకుండా, ఊళ్ళకూ బడులకూ ఆటల సంఘాలకూ కుటుంబాలకూ “మీ చుట్టాల్ని మీరే పిలుచుకోండి” అని చెప్పింది. ఊరివాళ్ళే ఉత్తరాలు రాశారు, ఊరివాళ్ళే వంటలు చేశారు. ఏడాదిలో సుమారు 5 వేల చిన్న పెద్ద సంబరాలు జరిగాయి. దాని మీదా విమర్శలు రాకపోలేదు. గాబ్రియేల్ బైర్న్ అనే వాళ్ళ నటుడే, ఇది ప్రవాసుల జేబుల కోసం వేసిన ఎత్తు అని ముందే కోప్పడ్డాడు. అయినా చాలా ఊళ్ళలో పిలిచింది స్థానికులే కాబట్టి అది వాళ్ళ పండుగ అయింది. ఈ రెండు కథల్లోంచి మేము నేర్చుకున్నది ఇదే. స్థానికులను ప్రేక్షకులుగా కూర్చోబెడితే సరిపోదు. పండుగ పనిలో చెయ్యి కలిపితేనే అది వాళ్ళది కూడా అవుతుంది.

మన చరిత్రలో వెతికితే ఇంకా దగ్గరి పాఠాలే ఉన్నాయి. కడప పక్కన దేవుని కడప ఉంది. అక్కడి లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు బారులు తీరి వస్తాయి. బీబీ నాంచారి వాళ్ళ ఆడపడుచు, స్వామి వాళ్ళ అల్లుడు. ఏడాది మొదటి రోజున అల్లుడింటికి వచ్చినట్టే వచ్చి, కొబ్బరికాయ కొట్టి, హారతి తీసుకుని వెళ్తారు. ఎవరో సభ పెట్టి సామరస్యం గురించి ప్రసంగించినందువల్ల ఇది రాలేదు. చుట్టరికం కలుపుకున్నారు కాబట్టి వచ్చింది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో దిగి హిందువులూ ముస్లింలూ రొట్టెలు మార్చుకుంటారు. పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు ఊరంతా కదులుతుంది. బతుకమ్మ సంగతి చెప్పనక్కరలేదు. దానికి హాలు లేదు, పాసు లేదు. వాడకట్టు ఆడవాళ్ళంతా తమ తమ బతుకమ్మలను ఒకచోట పెట్టి ఆడితేనే అది పండుగ. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఆడుకునే బతుకమ్మ లేదు.

సముద్రం దాటిన మనవాళ్ళనూ చూడండి. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళిన కూలీల సంతతి అక్కడ జనాభాలో కొద్దిమందే. అయినా ఉగాది ఆ దేశమంతటికీ సెలవు రోజు. తెలుగు రాని మారిషస్‌వాసికి కూడా ఆ రోజు ఎందుకు సెలవో తెలుసు. ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో జరిగాక, 1981లో కౌలాలంపూరుకు, 1990లో మారిషస్‌కు వెళ్ళాయంటే, అక్కడివాళ్ళు తరతరాలుగా ఆ నేలలో వేళ్ళు దింపుకున్నవాళ్ళు కావడం వల్లే.

మరి మనం? “మేము వచ్చిపోయేవాళ్ళం, ఒప్పందం అయిపోతే సర్దుకుని వెళ్ళేవాళ్ళం, మాకు వేళ్ళెందుకు?” అని కొందరు సభ్యులు అన్నారు. నిజమే, మనలో చాలామందికి ఇక్కడ స్థిరనివాసం లేదు. అయినా ఈ దీవికీ మన దేశానికీ ఉన్న సంబంధం మన వీసాల కంటే చాలా పాతది. మనామా పాత బజారులోని శ్రీనాథ్‌జీ కృష్ణ మందిరం 2019 నాటికి రెండు వందల ఏళ్ళు పూర్తి చేసుకుంది. సింధులోని థట్టా నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న గుడి అది. రెండు శతాబ్దాలు ఒక గుడి నిలిచిందంటే లోపలి భక్తులతో పాటు బయటి ఇరుగుపొరుగు కూడా దాన్ని తమ వీధిలో ఒక భాగమనుకోబట్టే. 1965లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. ఇక్కడి ముత్యపుచిప్పల కోసం ఊపిరి బిగబట్టి మునిగినవాళ్ళ కష్టం బొంబాయి బజారుకు చేరేది. గల్ఫు ముత్యాలను మన దగ్గర బస్రా ముత్యాలంటారు. హైదరాబాదు నగల పెట్టెల్లో అవి ఎంత విలువైనవో, వాటికి బెజ్జం వేయడంలో చందంపేట పనివాళ్ళ చేయి ఎంత నేర్పరిదో మనకు తెలుసు. ఒక దండలో ఇక్కడివాళ్ళ ఊపిరీ మనవాళ్ళ వేలూ రెండూ ఉన్నాయి.

మాటల్లో కూడా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి. ఇక్కడివాళ్ళు ఎదురుపడితే “షఖ్బారక్” అంటారు, ఏం కబురు అని. ఆ ఖబరే మన కబురు. జవాబు, హక్కు, వసూలు, హాజరు, ఈ మాటలన్నీ అరబ్బీ నుంచి వచ్చి మన ఇంటి మాటలైపోయినవే. వాళ్ళు ఫ్యానును “బంకా” అంటారు, అది మన పంఖా. మన పచ్చడిలో వేసే చింతపండును అరబ్బీలో “తమ్ర్ హిందీ” అంటారు, అంటే హిందూదేశపు ఖర్జూరం అని. ఇక్కడి ఆడవాళ్ళు పండుగలకు జడలో పెట్టుకునే “రాజ్జీ” మన మల్లెపువ్వే. దానితో కలిపి పెట్టుకునే “మష్మూమ్” మన రుద్రజడకు తోబుట్టువు. ఈ బతుకమ్మకు తంగేడు దొరకలేదని ఏటా బాధపడతాం. పక్కింటి అమ్మ మష్మూమ్ తెచ్చి పళ్ళెంలో ఒక వరుస పేరిస్తే బతుకమ్మకు తక్కువేమిటి?

ఇక క్యాలెండరు సంగతి. ఉగాదీ ఈదూ ఒకే రోజు రావడం వింత కాదు. ఒకటి చైత్ర శుద్ధ పాడ్యమి, ఇంకొకటి షవ్వాల్ నెల మొదటి రోజు. రెండూ అమావాస్య దాటిన కొత్త చంద్రుడితో మొదలయ్యేవే. మనకు అధికమాసం ఉంది కాబట్టి ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలు దాటదు. హిజ్రీ సంవత్సరానికి అధికమాసం లేదు కాబట్టి అది ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరిగి, ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్ళకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఇప్పుడు మనం ఆ చుట్టులో కలిసే చోట ఉన్నాం. 2023లో ఉగాది మార్చి 22 అయితే మర్నాడే ఇక్కడ రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 10న ఈద్. 2025లో రెండూ ఒకే రోజు. వచ్చే పరాభవ ఉగాది 2026 మార్చి 19, గురువారం. నెలవంక కనబడటాన్ని బట్టి ఈద్ ఆ పక్కనే ఉంటుంది. ఆ తర్వాత రెండు పండుగలూ మళ్ళీ దూరం జరుగుతాయి. ఈ అవకాశం మళ్ళీ వచ్చేనాటికి మనలో చాలామందిమి ఇక్కడ ఉండం. మన పిల్లలు ఎక్కడుంటారో తెలియదు.

సభ్యులు లేవనెత్తిన అభ్యంతరాలను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒక్కొక్కటిగా చెబుతాం.

“పూజ పవిత్రత ఏమవుతుంది?” అని పెద్దలు అడిగారు. సంకల్పం, అర్చన, పంచాంగ శ్రవణం ఇప్పుడెలా జరుగుతున్నాయో అలాగే జరుగుతాయి, ఆలయ పద్ధతిలో, సభ్యుల మధ్య. ఇరుగుపొరుగును పిలిచేది ఆ తర్వాతి పాటకూ, ఆటకూ, భోజనానికీ. వాళ్ళ నమ్మకాన్నీ మనం గౌరవించాలి. నైవేద్యం పెట్టిన పదార్థం తినడానికి కొందరు అతిథులు ఇష్టపడకపోవచ్చు. అందుకని అతిథుల భోజనం నైవేద్యానికి ముందే విడిగా తీసి ఉంచుతాం. ఏది ప్రసాదమో, ఏది మామూలు వంటో స్పష్టంగా చెబుతాం. అడగకుండా ఎవరి నుదుటా బొట్టు పెట్టం.

“పిల్లల తెలుగు పలచబడుతుంది” అన్నది రెండో అభ్యంతరం. మా అనుభవం వేరు. మన పిల్లలు బడిలో అరబ్బీ చదువుతున్నారు. షడ్రుచులు ఏమిటో, వేపపువ్వు ఎందుకు తినాలో పక్కింటి పిల్లవాడికి చెప్పాలంటే ముందు తమకు తెలియాలి. అమ్మమ్మకు ఫోను చేసి అడుగుతారు. వేదిక మీద బట్టీపట్టిన పద్యం కన్నా ఆ ఫోను వాళ్ళకు ఎక్కువ తెలుగు నేర్పుతుంది.

“ఖర్చెవరు భరిస్తారు?” అన్నది మూడోది. పాసు ఎత్తేస్తే లోటు వస్తుంది, నిజం. విరాళాల సేకరణకు ఈ దేశంలో ముందస్తు అనుమతి తప్పనిసరి కాబట్టి ఎవరూ విడిగా చందాలు వసూలు చేయకూడదు. అందుకని ఖర్చే తగ్గిద్దాం. శాలువాలు, జ్ఞాపికలు మానేద్దాం. బయటి నుంచి తెప్పించే కళాకారులను ఒక బృందానికి పరిమితం చేద్దాం. శాలువా కప్పించుకోవాల్సినవాళ్ళలో మేమూ ఉన్నాం, కాబట్టి ఈ కోత మాతోనే మొదలవుతుంది.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా సూటిగా ఉంది. “ఇదంతా ఫొటోల కోసం కాదు కదా?” అని ఒక చెల్లెమ్మ అడిగారు. అయితే అదే అవుతుంది, మనం జాగ్రత్తగా లేకపోతే. కందూరా వేసుకున్న నలుగురిని ముందు వరుసలో కూర్చోబెట్టి ఫొటో తీసి ఈ పత్రికలో వేసుకుంటే అది ఆహ్వానం కాదు, అలంకారం. అందుకే ఈ ఏడాది అతిథుల ఫొటోలు తీయకూడదని మా ప్రతిపాదన.

ఇక చేయదలచుకున్న పనులు.

మొదట, ఈ సెప్టెంబరు బతుకమ్మ. 21న మహాలయ అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. ఆ వారంలో శుక్రవారం, 26న, మన హాలు ఆవరణలో అందరి బతుకమ్మ పెడదాం. పాసు లేదు. వీధిలోని ప్రతి ఇంటికీ ఇద్దరు అమ్మలు స్వయంగా వెళ్ళి, తెలుగులోనూ అరబ్బీలోనూ రాసిన కార్డు ఇచ్చి రావాలి. వాట్సాప్ సందేశం పిలుపు కాదు.

రెండు, ఇళ్ళలో పనిచేసే మన ఆడపడుచులు. కోనసీమ నుంచి, గోదావరి ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళలో పనిచేస్తున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళను పిలిస్తే రాలేరు, సెలవు దొరకదు. కాబట్టి ఆ ఇంటివాళ్ళనే పిలుద్దాం. “మీ ఇంట్లో మా అమ్మాయి ఉంది. ఆమెను తీసుకుని మీరూ మా పండుగకు రండి” అని కార్డులో రాద్దాం. యజమానురాలు ఆమె చేయి పట్టుకుని వస్తే, ఆ ఒక్క సాయంత్రం మన అమ్మాయి వాళ్ళను తన పండుగకు తెచ్చిన మనిషి అవుతుంది. అందరూ రారు. ఒక్క ఇంటివాళ్ళు వచ్చినా మేలే.

మూడు, ఉత్సవ సంఘంలో క్యాంపుల్లో ఉండే కార్మికులకు రెండు చోట్లు. కుర్చీలు మోయడానికి కాదు, ఏం పెట్టాలో ఎప్పుడు పెట్టాలో చెప్పడానికి. వాళ్ళ పని గంటలు మనకన్నా వాళ్ళకే తెలుసు. రాకపోకలకు బస్సు సంఘమే పెడుతుంది.

నాలుగు, పరాభవ ఉగాది. మార్చి 19 రంజాన్ చివరి రోజుల్లో పడేలా ఉంది. పగలు బహిరంగంగా తినడం, పంచడం ఉండకూడదు. ఆ రోజు పూజ, పంచాంగ శ్రవణం మాత్రమే చేసుకుని పచ్చడి ఎవరిళ్ళలో వాళ్ళు తిందాం. అందరి సంబరం ఈద్ వెళ్ళాక, 27 శుక్రవారం. కార్లు హాలుకు దూరంగా ఆపి నడిచి వద్దాం. మైకు వేళకు ఆపేద్దాం.

ఐదోది చిన్న పని. ఆ వేపచెట్టు ఇంటికి ఈ సమావేశం అయ్యాక మేము వెళ్తున్నాం. హాజీగారిని ఒక కోరిక కోరదలచుకున్నాం. ముత్యాల వేటకు వెళ్ళినవాళ్ళు పడవల్లో పాడుకున్న “ఫిజిరీ” పాటలు 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. వాళ్ళ తండ్రిగారు ఆ పాటలు పాడేవారట. ఆ పాటలు తెలిసినవాళ్ళను మాకు పరిచయం చేయమని అడుగుతాం. మన వైపు నుంచి పాడటానికి మనిషి దొరికాడు. గోడ పక్కన నిలబడి పాటలు విన్న ఆ నలుగురిలో భావనపాడు కుర్రాడు గంగపుత్రుడే. తాత దగ్గర నేర్చుకున్న హైలెస్సా పాటలు అతనికి బోలెడు వచ్చు. మొన్న అడిగితే సిగ్గుపడి, “స్టేజీ మీదా సార్?” అన్నాడు. అవును, స్టేజీ మీదే.

ఈ ఐదు ప్రతిపాదనలనూ చర్చకు పెడుతున్నాం. వ్యతిరేకించేవాళ్ళు మొహమాటపడకుండా వ్యతిరేకించండి. చేతులెత్తి ఓటు వేసే ముందు ఒక్కటే గుర్తు చేసుకోండి. పచ్చడిలో వేపపువ్వు పక్కింటివాళ్ళు ఇచ్చింది. గేటు బయట నిలబడిన కుర్రాళ్ళు మన ఊరివాళ్ళు. ఈ రెండు బాకీలూ మనవే, మనమే తీర్చాలి.